బిస్కెట్ రంగా, గంధం రంగా? గోడనే అడగండి!

పండగ దగ్గర పడుతోంది. ఇంటికి రంగులు వేయించాలనుకున్నారు. పెయింటర్ వచ్చి గోడలు తట్టి చూసి, కొలతలు తీసుకుని, షేడ్ కార్డు చేతిలో పెట్టి, "సాయంత్రానికల్లా నంబరు చెప్పండమ్మా, పొద్దున్నే డబ్బాలు తెచ్చేస్తా" అని వెళ్ళిపోయాడు. ముదురు రంగులు వేస్తే హాలు చీకటిగా ఉంటుంది, తెల్లగా వేస్తే పిల్లల చేతులకి వారంలో మాసిపోతుంది. అందుకని ఇంటిల్లిపాదీ కలిసి 'బిస్కెట్ కలర్' అని తేల్చేశారు. హమ్మయ్య అనుకున్నారు కదూ?

అసలు చిక్కంతా అక్కడే మొదలు! కార్డు తిప్పి చూడండి. బిస్కెట్ రంగులే పాతిక ముప్పై ఉంటాయి. ఐవరీ అని ఒకటి, శాండల్ అని ఒకటి, ఆల్మండ్ అని ఇంకొకటి. పక్కపక్కన పెడితే తేడా ఉన్నట్టే ఉంటుంది, విడివిడిగా చూస్తే అన్నీ ఒకటే అనిపిస్తాయి. మీవారేమో "రెండూ ఒకటే కదా, ఏదో ఒకటి కానిద్దూ" అంటారు. పెయింటరేమో "ఇది బాగా పోతోందమ్మా, అందరూ ఇదే వేయిస్తున్నారు" అంటాడు. చివరికి విసుగొచ్చి మీరూ "సరే, మీ ఇష్టం" అనేస్తారు.

ఆ మాట అనేముందు ఒక్క నిమిషం ఆగండి. ఒకసారి రంగులు వేయిస్తే మళ్ళీ అయిదారేళ్ళ దాకా గోడల జోలికి పోము. అందాకా ఆ గోడల మధ్య ఎక్కువ గంటలు గడిపేది ఎవరు? బట్టలు మడతపెట్టేటప్పుడూ, కూరగాయలు తరిగేటప్పుడూ, పిల్లలకి పాఠాలు చెప్పేటప్పుడూ ఆ రంగు కళ్ళముందు ఉండేది ఎవరికి? అలాంటప్పుడు దాన్ని షాపులో పది నిమిషాల్లో మరొకరు తేల్చేయడం ఏం న్యాయం?

డబ్బు సంగతీ చూద్దాం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గది తీసుకోండి. నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు. ఒక తలుపు, రెండు కిటికీలు తీసేస్తే సుమారు 390. గోడ నునుపునిబట్టి, రంగు రకాన్నిబట్టి లీటరు ఎమల్షన్ రెండు కోట్లకి 100 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. అంటే ఒక్క గదికే మూడు నాలుగు లీటర్లు. తీరా వేశాక "అయ్యో, ఇలా ఉందేమిటి" అనిపిస్తే మళ్ళీ అన్ని లీటర్లూ, మళ్ళీ కూలీ, మళ్ళీ బీరువాలు జరుపుడు. అంత ఖర్చు ఎవరు పెడతారు? అందుకే చాలామంది మనసు చంపుకుని ఊరుకుంటారు. ఈ బాధ లేకుండా రెండు మూడు రోజుల ఓపికతో సరైన షేడ్ ఎంచుకోవచ్చు. ఎలాగో చూడండి.

పిండి డబ్బాల పరీక్ష

వంటింట్లోకి వెళ్ళి బియ్యప్పిండి, మైదా, గోధుమపిండి, శనగపిండి తలా ఒక చెంచా తీసి తెల్ల కాగితం మీద పక్కపక్కనే పోయండి. డబ్బాలో ఉన్నప్పుడు మైదా తెల్లగానే ఉందనుకున్నాం కదా? బియ్యప్పిండి పక్కన పెట్టేసరికి దాంట్లోని మీగడ రంగు బయటపడింది. గోధుమపిండిలో కాస్త ఎరుపు, కాస్త బూడిద కనిపిస్తాయి. శనగపిండి సంగతి చెప్పనే అక్కర్లేదు.

గోడ రంగులూ అంతే. 'బేజ్' అనేది ఫ్రెంచి మాట. రంగు అద్దకుండా ఉన్నదున్నట్టుగా నేసిన ఉన్ని బట్టకి అక్కడ ఆ పేరు. కానీ ఇప్పుడు డబ్బాలో వచ్చే బేజ్ మాత్రం నిజంగా కలిపిన రంగే. షాపులో మెషిన్ 'బేస్' అనే రంగులో పసుపు, ఎరుపు, నలుపులాంటి చిక్కటి రంగుల్ని కొద్ది కొద్దిగా కొలిచి కలుపుతుంది. ఎరుపు రవ్వంత ఎక్కువైతే ఒక షేడు, నలుపు రవ్వంత ఎక్కువైతే ఇంకో షేడు. పైకి అన్నీ బిస్కెట్ రంగులే. లోపల దాగిన ఆ ఛాయే గోడమీదికి వచ్చాక తన బుద్ధి చూపిస్తుంది!

ఆ ఛాయని కనిపెట్టడానికి సులువైన మార్గాలు రెండు. మొదటిది, షేడ్ చీటీని తళతళలాడే తెల్ల కాగితం మీద పెట్టి చూడటం. రెండోది, చాలా కార్డుల్లో ఒకే పట్టీమీద ఒకే జాతి రంగులు లేత నుంచి ముదురు దాకా వరుసగా ఉంటాయి. మీకు నచ్చిన లేత రంగుని కాకుండా ఆ పట్టీలో అన్నిటికన్నా ముదురు రంగుని చూడండి. అది బెల్లం రంగులో ఉందా, ఆవపిండి రంగులో ఉందా, బూడిద రంగులో ఉందా? లేత రంగులో దాక్కున్నది అదే.

నాలుగు అక్కచెల్లెళ్ళు

బిస్కెట్ రంగుల్ని మోటుగా నాలుగు రకాలుగా విడదీసుకోవచ్చు.

పసుపు ఛాయ: పాలమీగడ, క్రీమ్, గంధం రంగులు చాలావరకు ఇందులోకే వస్తాయి. వెలుతురు తక్కువగా ఉన్న గదికి ఇవి కాస్త వెచ్చదనం తెస్తాయి. కానీ పసుపు వెలుగిచ్చే బల్బు కింద మరీ పచ్చబడి, గోడకి పసుపునీళ్ళు చల్లినట్టు కనిపిస్తాయి.

గులాబీ ఛాయ: బెల్లం వేసిన పాల రంగు. ఎర్ర గచ్చు నేలకీ, ఎరుపు తిరిగిన టేకు పాలిష్‌కీ బాగా కలుస్తుంది. కానీ పసుపు తిరిగిన టైల్స్ పక్కన మాత్రం పౌడరు అద్దిన ముఖంలా విడిగా కనిపిస్తుంది.

ఆకుపచ్చ ఛాయ: కార్డుమీద చాలా హుందాగా ఉంటుంది. కిటికీ బయట వేపచెట్టో, మామిడిచెట్టో ఉంటే ఆకుల మీదుగా వచ్చే వెలుతురు ఆ పచ్చదనాన్ని ఇంకాస్త పెంచుతుంది. వెలుతురు లేని మూలల్లో పాచి పట్టినట్టు అనిపించే ప్రమాదం ఉంది.

బూడిద ఛాయ: ఈమధ్య ఫ్లాట్లలో ఎక్కువగా వేయిస్తున్నది ఇదే. ఎండ బాగా వచ్చే గదిలో కంటికి చల్లగా, హాయిగా ఉంటుంది. చీకటి గదిలో వేస్తే మాత్రం కొత్త రంగు కూడా మాసిన గోడలా కనిపిస్తుంది.

ఇందులో మంచిదీ చెడ్డదీ అంటూ లేదు. మీ గదికి సరిపడేదీ సరిపడనిదీ, అంతే.

మ్యాచింగ్ సెంటర్‌లో మీరు చేసే పనే

చీరకి జాకెట్టు ముక్క కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? షాపులో దీపాల కింద ఎంత బాగా కలిసినా నమ్మం. రెండూ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఎండలో చూస్తాం. ఎందుకంటే ఒక వెలుగులో ఒకటిగా కనిపించిన రెండు రంగులు ఇంకో వెలుగులో వేరువేరుగా కనిపిస్తాయని మనకి అనుభవం. జాకెట్టు ముక్క విషయంలో ఇంత జాగ్రత్తపడేవాళ్ళం, గోడ రంగుని మాత్రం షాపులో దీపాల కింద చూసి ఒప్పేసుకుంటాం. ఇదెక్కడి వింత!

మీ గదికి వెలుతురు ఎటునుంచి వస్తోందో ముందు గమనించండి. ఉత్తరం కిటికీ ఉన్న గదిలో ఏడాదిలో ఎక్కువ రోజులు నేరుగా ఎండ పడదు. ఆకాశం నుంచి వచ్చే చల్లటి, కాస్త నీలం కలిసిన వెలుతురే ఉంటుంది. అక్కడ బూడిద ఛాయ మరింత దిగులుగా, మీగడ రంగు నిండుగా కనిపిస్తాయి. తూర్పు గది పొద్దున్నే బంగారంలా మెరిసి, మధ్యాహ్నానికి చప్పబడుతుంది. పడమటి గదికి సరిగ్గా తలకిందులు. సాయంత్రం ఎండ పడితే పసుపు ఛాయ నారింజలోకి దిగుతుంది. దక్షిణపు కిటికీకి చలికాలంలో ఎండ ఎక్కువ. అక్కడ బూడిద ఛాయకి భయపడక్కర్లేదు. ఇక అపార్ట్‌మెంట్లలో అయితే దిక్కు ఒక్కటే చూస్తే చాలదు. పక్క బిల్డింగ్ గోడమీద పడిన ఎండే మన గదిలోకి వస్తుంది. ఆ గోడ ఏ రంగులో ఉంటే మన వెలుతురూ ఆ రంగులోనే ఉంటుంది మరి.

రాత్రి సంగతి దీపాలదే. ఎల్‌ఇడి బల్బు ప్యాకెట్ మీద ఒక అంకె, పక్కన 'కె' అనే అక్షరం ఉంటాయి. 2700 అనో 3000 అనో ఉంటే పసుపు వెలుగు. 4000 మధ్యస్థం. 6500 అని ఉంటే తెల్లగా, కాస్త నీలంగా ఉండే వెలుగు. పసుపు వెలుగులో గులాబీ, పసుపు ఛాయలు ముదురుతాయి. తెల్ల వెలుగులో ఆకుపచ్చ, బూడిద ఛాయలు బయటపడతాయి. కాబట్టి రంగు ఎంచుకునే ముందే ఆ గదిలో ఏ బల్బు ఉంచుతారో తేల్చుకోండి. గోడ నచ్చలేదని దిగులుపడుతున్న వాళ్ళు కూడా ముందు బల్బు మార్చి చూడండి. ఒక్కోసారి అక్కడే తీరిపోతుంది!

నేల చీర, గోడ జాకెట్టు

ముందు చీర కొంటాం, తర్వాత దానికి తగ్గ జాకెట్టు. గదిలో కూడా మార్చలేని వస్తువులు ఏవో ముందు లెక్కపెట్టండి. నేల, తలుపులు, వంటింటి గట్టు రాయి, కొత్తగా కొన్న సోఫా. ఇవన్నీ చీర అనుకోండి. గోడ రంగు జాకెట్టు. తాండూరు బండలు పరిచిన నేలలో పసుపు రకం ఉంది, నీలం బూడిద రకం ఉంది. రెండింటికీ ఒకే బిస్కెట్ రంగు నప్పదు. తెల్లటి టైల్స్ అనుకున్నవి కూడా దగ్గరగా చూస్తే క్రీమ్ తిరిగో, బూడిద తిరిగో ఉంటాయి. షేడ్ చీటీని నేలమీద పెట్టి ఒకసారి, తలుపు చట్రానికి ఆనించి ఒకసారి చూడండి. కలవనిది ఇట్టే తెలిసిపోతుంది. ఇలా ఏరితే ముప్పై రంగులు కాస్తా మూడుకి దిగుతాయి.

పాత గోడమీద మచ్చ వేసి చూడకండి

ఇప్పుడు మిగిలిన రెండు మూడు రంగుల్నే పెద్దగా వేసి చూడాలి. సాధారణంగా పెయింటర్ పాత గోడమీదే ఇంతింత మచ్చలు వేసి "చూసుకోండమ్మా" అంటాడు. అది సరైన పద్ధతి కాదు. ఎందుకంటే మన కన్ను ఏ రంగునీ ఒంటరిగా చూడదు, పక్కనున్న రంగుతో కలిపే చూస్తుంది.

దీనికో ముచ్చటైన కథ ఉంది. ఫ్రాన్సులో గోబెలిన్ అనే పేరుపొందిన నేత కార్ఖానాలో అద్దకాల విభాగానికి షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా ఉండేవాడు. నల్ల దారాల్లో నలుపు నిండుగా లేదని ఆయనకి ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో ఏ లోపమూ లేదు. నీలం, ఊదా దారాల పక్కన నేయడం వల్ల ఆ నలుపు వెలిసినట్టు కనబడుతోందంతే! రంగుల పొరుగు ప్రభావం మీద ఆయన 1839లో పెద్ద పుస్తకమే ప్రచురించాడు.

మన ఇంట్లోనూ అదే జరుగుతుంది. పాత ఆకుపచ్చ గోడమీద బిస్కెట్ రంగు మచ్చ వేస్తే ఎరుపు తిరిగినట్టు కనిపిస్తుంది. నీలం గోడమీద వేస్తే ఉన్నదానికన్నా పసుపుగా కనిపిస్తుంది. గది మొత్తం వేశాక పాత రంగు పోతుంది, దానితోపాటు ఆ అందమూ పోతుంది.

అందుకని ఇలా చేయండి. రెండేసి అడుగుల ప్లైవుడ్ ముక్కలో, మందపాటి అట్టలో సంపాదించండి. తెల్ల ప్రైమర్ పూసి, ఆరాక మీరు ఎంచుకున్న రంగు రెండు కోట్లు వేయండి. కొన్ని కంపెనీలు శాంపిల్‌కని చిన్న డబ్బాలు అమ్ముతాయి. లేకపోతే ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్న డబ్బా కొనండి. పూర్తిగా ఆరాకే చూడండి. ఎమల్షన్ రంగులు తడిమీద ఒకలా, ఆరాక సాధారణంగా కాస్త ముదురుగా కనిపిస్తాయి.

ఇక ఆ అట్టల్ని గదంతా తిప్పండి. కిటికీ పక్క గోడకి ఆనించండి, ఎదుటి గోడకి ఆనించండి, చీకటి మూలలో పెట్టండి, సోఫా వెనక పెట్టండి. పొద్దున్న కాఫీ వేళ, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి దీపాలు వేశాక, నాలుగు వేళల్లోనూ చూడండి. బల్లమీద పరిచి చూడకండి, నిలబెట్టి చూడండి. గోడ నిలబడే ఉంటుంది కదా! మీరు ఆ గదిలో ఎక్కువగా ఏ వేళ ఉంటారో ఆ వేళకి ఎక్కువ విలువ ఇవ్వండి.

ఇంకో సంగతి. నాలుగు గోడలకీ వేశాక ఒక గోడ రంగు ఇంకో గోడమీద పడి, కార్డుమీద చూసినదానికన్నా చిక్కగా కనిపిస్తుంది. కాబట్టి ఒకే పట్టీలోని రెండు షేడ్ల మధ్య మనసు ఊగిసలాడుతుంటే లేతదానికే మొగ్గండి. కొన్ని కంపెనీలు షేడ్ వివరాల్లో 'ఎల్‌ఆర్‌వి' అనే అంకె ఇస్తాయి. 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. అంకె పెద్దదైతే ఆ రంగు ఎక్కువ వెలుతురుని తిరిగి గదిలోకి పంపుతుందన్నమాట. చీకటి గదికి అంకె ఎక్కువున్నది చూసుకోండి.

"రెండూ ఒకటే" అనేవాళ్ళతో పోట్లాడకండి

మీకు స్పష్టంగా కనిపిస్తున్న తేడా మీవారికి కనిపించకపోవచ్చు. అది ఎప్పుడూ అశ్రద్ధే కానక్కర్లేదు సుమండీ! ఎరుపు, ఆకుపచ్చల తేడాని సరిగ్గా గుర్తించలేకపోవడమనే పుట్టుకతో వచ్చే లోపం ఆడవాళ్ళలో కన్నా మగవాళ్ళలో చాలా ఎక్కువ. గులాబీ ఛాయ, ఆకుపచ్చ ఛాయ అలాంటివారికి నిజంగానే ఒకటిగా అనిపించవచ్చు. అలాగే వయసు పైబడే కొద్దీ కంట్లోని కటకం పచ్చబడుతూ వస్తుంది. అందువల్ల మీ అత్తగారికి మీగడ రంగు, తెలుపు ఒకలాగే కనిపిస్తే ఆవిడ తప్పేం కాదు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక "ఈ గోడ ఇంత తెల్లగా ఉండేదా!" అని ఆశ్చర్యపోయేవాళ్ళు ఉంటారు.

అందుకని వాదన పెట్టుకోకుండా అట్టల్ని ఒకరోజు గోడకి ఆనించి వదిలేయండి. "ఏది బాగుంది?" అని అడగకండి, "ఏది ఇబ్బందిగా ఉంది?" అని అడగండి. ఎవరికీ ఇబ్బంది లేని రంగు మిగులుతుంది. నాలుగు వేళల్లో చూసినా రెండింటికీ తేడా తెలియకపోతే, అప్పుడు నిజంగానే రెండూ ఒకటే! ఇంకో వారం తర్జనభర్జన పడక్కర్లేదు. తడిగుడ్డతో తుడిస్తే మరకలు పోయే రకం ఏదో చూసి తీసుకోండి. గోడ ఎగుడుదిగుడుగా ఉంటే మెరుపు తక్కువున్నది తీసుకోండి. మెరిసే రంగు ప్రతి గుంతనీ ఎత్తి చూపిస్తుంది.

డబ్బా కొనేటప్పుడు

* షేడ్ పేరు ఒక్కటే చెబితే చాలదు. కంపెనీ, రంగు రకం, షేడ్ నంబరు మూడూ కాగితం మీద రాసి పంపండి. డబ్బా మూతమీది చీటీతో సరిచూసుకోండి.

* "అదే షేడు ఇంకో కంపెనీలో చవగ్గా కలిపిస్తా" అంటే వెంటనే ఒప్పుకోకండి. దగ్గరగా వస్తుంది గానీ అచ్చంగా అదే రావడం కష్టం. అట్టమీద మళ్ళీ వేసి చూశాకే సరేననండి.

* గదికి కావలసిన రంగంతా ఒకేసారి తెప్పించండి. వేరువేరు రోజుల్లో కలిపిన డబ్బాల మధ్య కొద్దిపాటి తేడా రావచ్చు. రెండు డబ్బాలుంటే పెద్ద బకెట్లో రెండూ కలిపేసి వేయమనండి. అప్పుడు గోడ మధ్యలో రంగు మారదు.

* చెమ్మ ఉన్న గోడకి ముందు చెమ్మ సంగతి చూడండి. పాత సున్నం పొడిగా రాలుతుంటే గీకించండి. లేకపోతే ఎంత ఏరి ఎంచిన షేడైనా పెచ్చులుగా ఊడుతుంది.

* పని అయ్యాక మిగిలిన రంగుని ఒక గాజు సీసాలో గట్టిగా మూత బిగించి దాచండి. సీసామీద షేడ్ నంబరు, తేదీ రాసి అంటించండి. అదే నంబరు గ్యాస్ పుస్తకం వెనక అట్టమీద కూడా రాసి పెట్టుకోండి. మేకు తీసిన చోట, బీరువా గీసుకున్న చోట చిన్న బ్రష్షుతో మీరే దిద్దుకోవచ్చు.